చమురు చిమ్ము గొట్టముల చరిత్రము

శృంగవరపుకోట దాటి బొడ్డవర మీదుగా అనంతగిరి కెక్కు ఘాటురోడ్డును మీరందరు నెరుగుదురు. సంతనాడు జనముతోను బస్తాలతోను నిండిన జీపు మూలుగుచు ఆ మలుపులు తిరుగుచుండగా, దానిని పైకి నెట్టుచున్న దేది యని యడిగినచో నొకరు డ్రైవరు నేర్పనియు, నొకరు ఇంజను బలమనియు జెప్పుదురు. రెండును నిజమే. కాని మూలమున నున్నది యొక చమురుబొట్టు. ఇంజను నిమిషమునకు 2400 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరులోనికి సెకండునకు 20 మారులు డీజిలు చిమ్మబడుచుండును. ఒక్కొక్క మారు పడునది వానచినుకు కంటె నెక్కువ యుండదు. ఆ చినుకును పంపునొద్ద నుండి సిలిండరు తలవరకు గొనిపోవునది పెన్సిలు కంటె సన్నని యొక యుక్కు గొట్టము. ఆ గొట్టము పగిలినప్పుడు దానిని మార్చవలసివచ్చును. మార్చుట యెరుగని చేతులు చెడిపోవుచున్నవి. కావున దాని పుట్టుపూర్వోత్తరములను, నేటి స్థితిని గూర్చి నేడు ముచ్చటింప దలచితిని.

ఇంజెక్షనన్న మాట వినగానే మన పల్లెలలో వైద్యుని సూది జ్ఞప్తికి వచ్చును. అది తప్పు కాదు. సన్నని రంధ్రముగుండ ద్రవమును బలవంతముగ లోనికి బంపుటయే ఆ మాట కర్థము. మన కవులు వసంతోత్సవ వర్ణనలలో రంగునీరు చల్లుటకు చిమ్మనగ్రోవులను బట్టించిరి గదా; ఆ పనిముట్టే యిది. అచట పన్నీరు, ఇచట డీజిలు. అచట చేతి బలము, ఇచట యంత్రబలము. మెకానిక్కులు నాజిలని పిలుచు దానిని నేను చిమ్మనగ్రోవి యనియే యందును.

ఇంజనులో నీ గ్రోవి యేల కావలసివచ్చినది? సైకిలు పంపుతో గాలి కొట్టువాడు పంపు అడుగుభాగమును చేత ముట్టిన నది వేడెక్కియుండుట తెలియును. గాలిని బిగించి నొక్కినకొలది వేడి పుట్టును. మిక్కిలిగా నొక్కినచో నా వేడికే చమురు తనంత దాను అంటుకొనును. అగ్గిపుల్ల యక్కరలేదు, విద్యుత్తు మెరుపు నక్కరలేదు. ఈ యూహను యంత్రముగ మలచినవాడు రుడాల్ఫు డీజిలు. ఆయన 1858 లో ప్యారిసు నగరమున జర్మను తలిదండ్రులకు జన్మించెను. మ్యూనికులో మంచుయంత్రముల నిర్మాతయైన లిండె పండితునొద్ద జదివెను. 1892 లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1893 లో దానిని బొందెను. నాలుగేండ్లు విఫలయత్నములతో గడిచిన పిమ్మట 1897 లో ఆగ్సుబర్గు యంత్రశాలలో నాయన యింజను పరీక్షలో నెగ్గినది. అందు వేసిన చమురులోని శక్తిలో నూటికి 26 పాళ్లు పనిగా మారెను. ఆనాటి ఆవిరియంత్రములలో చాలవాటికి పది పాళ్లు దక్కుటయే గగనముగా నుండినది.

అయిన నొక చిక్కు మిగిలినది. సిలిండరులో గాలి వాతావరణమునకు ముప్పది, నలువది రెట్లు ఒత్తిడితో బిగిసియుండగా, దాని కెదురుగా చమురును లోనికి బంపుట యెట్లు? ఒత్తిడి చాలనిచో చమురు వెనుకకు దన్నుకొని వచ్చును. పోనీ, ధారగా బోసితిమా, మంటలో పడిన నేతిచుక్కవలె నంతయు నొక్కసారి గాలదు; పొగ వచ్చును. మంచుతుంపరవలె చిదికి చల్లవలయును. డీజిలు దొర దీనికి చూపిన యుపాయము గాలి. వేరొక పంపుతో గాలిని 60, 70 రెట్లకు బిగించి, ఆ గాలి విసురుతో చమురును లోనికి నూదించెను. ఉపాయము ఫలించినది గాని యా గాలిపంపు మోయరాని బరువయ్యెను. కర్మాగారములోను, ఓడలోను చోటు దొరకవచ్చును; మోటారుబండికి దానిని దగిలించుట యెట్లు?

ఇచట నింగ్లండు దేశస్థుడైన హెర్బర్టు అక్రాయిడు స్టూవర్టును దలపకుండుట న్యాయము కాదు. ఆయన 1890 లోనే, కాగిన యొక గదిలోనికి చమురును గాలితోడు లేకయే పంపుతో జిమ్ము యంత్రమునకు పేటెంటు దీసికొనెను. అందు ఒత్తిడి తక్కువ. మొదట దీపముపెట్టి గదిని వేడిచేయవలయును. డీజిలు యంత్రముతో సరితూగదు. కాని చమురును చమురుపంపే నేరుగ నెట్టవలెనను పద్ధతి నేడు లోకమంతట నిలిచినది. గాలితో నూదు పద్ధతి నశించినది. పేరు మాత్రము డీజిలుకు దక్కెను. ఊరిలో చెరువు త్రవ్వించినవా డొకడు, దానికి పేరు పెట్టబడినవా డింకొకడు అగుట మన మెరుగని విషయము కాదు.

1909 లో జర్మనీలో ప్రాస్పరు లొరాంజి సిలిండరు తలలో నొక చిన్న ముందుగది నేర్పరచి, తక్కువ ఒత్తిడితోనే చమురు చక్కగ గాలు మార్గము చూపెను. 1910 లో ఇంగ్లండులోని వికర్సు సంస్థలో మెకెక్నీ యను నింజనీరు గాలి యూదుట మానిపించి, చమురును మిక్కుటమైన ఒత్తిడితో గొట్టములగుండ బంపు పద్ధతికి పేటెంటు పొందెను. జలాంతర్గాములలో చోటు తక్కువ గనుక నది వాటి కుపకరించినది. మనము చెప్పుకొనుచున్న యుక్కు గొట్టము నిజముగ బుట్టిన దిచటనే యని నా తలంపు. డీజిలు దొర 1913 సెప్టెంబరు 29 రాత్రి యాంట్వర్పునుండి హార్విచికి బోవు డ్రెస్డెను అను పొగయోడ మీదినుండి మాయమై సముద్రములో మరణించెను. తన యింజను మోటారుబండ్లలో ప్రబలుట నాయన చూడలేదు. 1900 లో ప్యారిసు ప్రదర్శనశాలలో నాయన పేరి యింజనొకటి వేరుసెనగనూనెతో నడిచినదన్న సంగతి మాత్రము మనవారు గుర్తుంచుకొనదగినది. ఆ మాట విని నేటి క్రొత్తబండిలో గానుగనూనె పోయువాడు లేకపోలేదు. ఆనాటి మోటుయంత్రము దాని నోర్చుకొన్నది. నేటి సున్నితపు గ్రోవులు నోర్వవు.

గొట్టమును గ్రోవిని మోటారుబండి కెక్కించినవాడు స్టట్‌గార్టు నగరపు రాబర్టు బాష్. పెట్రోలు బండ్లకు నిప్పురవ్వ పుట్టించు మాగ్నెటో సాధనముతో పేరు గడించిన ఆయనకు, రవ్వ యక్కరలేని డీజిలు ప్రబలినచో తన వ్యాపార మేమగునో యన్న విచారము కలిగెను. 1922 లో తానే డీజిలు పంపు నిర్మింప నిశ్చయించెను. ఐదేండ్ల శ్రమానంతరము 1927 లో నా పంపులు వరుసగ తయారగుట కారంభించినవి. దానిలో సన్నని యుక్కుకడ్డీ యొక యుక్కు కూసములో క్రిందుమీదులాడును. ఆ రెంటినడుమ నెడము మిల్లీమీటరులో వేయింట రెండు మూడు పాళ్లు మాత్రమే. తలవెండ్రుక మందము దానికి ఇరువది రెట్లకు పైగా నుండును. అందువలన కంటి కగుపడని యిసుకరేణువు పంపునకు బండరాయితో సమానము. ఈ సంగతి ముందు చెప్పబోవు గొట్టము మార్చు పనిలో మిక్కిలి ముఖ్యమైనది.

గొట్టముల నిడివిలోను నొక రహస్యము కలదు. నాలుగు సిలిండర్ల బండిలో పంపునకు దగ్గరి సిలిండరు కొకటి, దూరపుదాని కొకటి గొట్టములుండును. దగ్గరిదానికి పొట్టి గొట్టము చాలునుగదా, దానిని వంకరలు త్రిప్పి పొడుగుచేసి యేల పెట్టిరని చూచువారి కనిపించును. పంపు నెట్టిన నెట్టు చమురులో శబ్దమువలె బరువెత్తి, సెకండునకు 1300 మీటర్లకు పైబడిన వేగముతో గ్రోవిని జేరును. ఒక గొట్టము జానెడు పొట్టిదైన, 2400 చుట్ల వేగమున నా లోపల క్రాంకు రెండు డిగ్రీలకు పైగా దిరిగిపోవును. ఒక సిలిండరు ముందుగను, నొకటి వెనుకగను మండును. ఇంజను దడదడలాడును. కావున నన్నింటి నిడివి సమముగ జేసిరి. పగిలినచోట గోసి, పొట్టిచేసి యతికించిన గొట్టముతో బండి నడుచునేగాని సరిగ నడువదు.

1923, 1924 సంవత్సరములలో జర్మనీలో డీజిలు లారీలు వెడలినవి. 1936 లో మెర్సిడిసు బెంజు 260 డి యను కారు బెర్లిను ప్రదర్శనమున గనబడెను. అదే వరుసగ తయారై యమ్మకమునకు వచ్చిన డీజిలు కార్లలో మొదటిదిగ బ్రసిద్ధి. మన దేశమున 1951 లో బాష్ సంస్థ తోడ్పాటుతో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ వెలసినది. దాని పొట్టిపేరైన మైకో లారీ షెడ్డులన్నిట నెంతగ బాతుకొనెనన, ఏ కంపెనీ పంపునైనను మైకోపంపనియే పిలుచు పెద్ద మెకానిక్కు లిప్పటికి నున్నారు. 1954 లో జంషెడ్పూరులో టాటావారు జర్మను సహాయముతో డీజిలు లారీలు చేయనారంభించిరి. ఘాటురోడ్లమీద పెట్రోలులారీల కాలము దానితో దీరిపోయినది.

మన కొండలలోనికి డీజిలు విద్య లారీతోబాటు రైలుమీదను వచ్చినది. బైలదిల్లా యినుపరాయిని విశాఖపట్నము రేవునకు జేర్చుటకై 1960 లో జపానుతో నొప్పందము కుదిరినది. కొత్తవలసనుండి కిరండూలునకు రైలుదారి యీ యనంతగిరి కొండలను దొలుచుకొని వేయబడెను. 58 సొరంగములు, బొర్రా, కరకవలస దాటిన పిదప శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల యెత్తు. ఒకప్పుడు ప్రపంచములోని బ్రాడ్గేజి స్టేషనులలో నదియే మిక్కిలి యెత్తైనదని చెప్పుకొనెడువారు. వాల్తేరులో 1965 లో డీజిలు ఇంజనుల షెడ్డు తెరువబడినది. 1980 తరువాత కొలదియేండ్లలో విద్యుత్తు తీగలు వచ్చువరకు నా బరువు బండ్ల నీడ్చినవి డీజిలు ఇంజనులే. కాశీలో 1964 నుండి తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజను 16 సిలిండర్లది, 2600 గుర్రముల బలముది. అందు సిలిండరునకొక పంపు, పంపునకొక పొట్టి గొట్టము. రైల్వేలో నా గొట్టమును ముట్టుటకు నియమము, పుస్తకము, పైయధికారి కలరు. ఘాటుమీద నాగిపోయిన జీపు మెకానిక్కునకు నవి యేవియు లేవు. గురువు చేయి చూచి శిష్యుడు నేర్చుకొనుటయే యచటి శాస్త్రము.

ఆ గురుపరంపరలో నొక యలవాటు కలదు. ఇంజను ఒక సిలిండరుమీద పట్టక, మిస్సింగు కొట్టుచున్నప్పుడు, మెకానిక్కు ఇంజనును నడుచుచుండనిచ్చియే యొక్కొక్క గొట్టపు నట్టును పానాతో గొంచెము వదులుచేయును. మంచి సిలిండరు నట్టు వదిలిన నింజను శబ్దము మారును. చెడిన సిలిండరుదైన మారదు. అట్లు రోగము పట్టుకొనును. గాలి పట్టినప్పుడును నిదే పద్ధతి: నట్టు వదిలి సెల్ఫు కొట్టిన బుడగలతో డీజిలు వచ్చును, బుడగలు తీరినవెంటనే బిగించును. పూర్వపు బండ్లలో నది బాగుగనే జరిగిపోయెను. కారణ మేమనగా, పాత పంపు దెబ్బ దెబ్బకు నొక్క చినుకునే నెట్టును. దెబ్బకును దెబ్బకును నడుమ గొట్టములో నొత్తిడి పడిపోవును. నట్టు వదులైనంతనే యా చినుకు నట్టుచుట్టు కారిపోవునుగాని పొడుచునంత బలము దానికి మిగులదు.

క్రొత్తబండ్లలో నట్లు కాదు. చమురును పంపు ముందుగనే యొక లావుపాటి యుక్కు గొట్టములో నత్యంతమైన యొత్తిడితో నిలువచేయును. అందుండి యన్ని గ్రోవులకు గొట్టములు పోవును. గ్రోవి యెప్పుడు తెరచుకొనవలెనో కంప్యూటరు చెప్పును. దీనినే కామన్ రైలని యందురు. 1995 లో జపానులో డెన్సో సంస్థ లారీలకును, 1997 లో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో 156 అను కారునకు బాష్ సంస్థయు దీనిని సమకూర్చినవి. 1997 నాటి యొత్తిడి చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 1350 కిలోలు. అనగా బొటనగోరంత చోటుమీద నొక జీపు నిలిచియున్నట్లు. లారీటైరులోని గాలి 7 కిలోలని తీసికొనిన, అది 190 రెట్లు. అటుపిమ్మట వచ్చిన బండ్లలో నది 2000 కూడ దాటినది. పొగ తగ్గింపవలెనని మన ప్రభుత్వము విధించిన నియమములు 2017 ఏప్రిలులో నాలుగవ మెట్టునకు, 2020 ఏప్రిలులో ఆరవ మెట్టునకు దేశమంతట జేరినవి. సన్నగ చిదికిన తుంపర లేక ఆ నియమములు నెరవేరవు. కావున నేడు క్రొత్తగ గొనిన డీజిలు జీపులోనైనను, కారులోనైనను మీకు దొరకునది యీ పద్ధతియే.

చిత్ర మేమనగా, బానెట్టు తీసి చూచినప్పుడు గొట్టము మాత్రము పాతదానివలెనే యుండును. అదే యుక్కు, అదే నట్టు, అదే పానా. లోపల కాపురమున్నది వేరు. నట్టు వదులుచేసిన కామన్ రైలులో చినుకు కారి యాగదు. వెనుక నిలువయున్న చమురంతయు కత్తివలె వెడలును. నాయొద్ద జదివి యిప్పుడు జీపుల షెడ్డు నడుపుచున్న యొకడు నన్నడిగెను: "మాస్టారూ, నట్టు వదలకపోతే ఏ సిలిండరు పట్టడం లేదో ఎలా తెలుస్తుందండీ?" ప్రశ్న సహేతుకమే. ఆ బండి కంప్యూటరులోనే యే గ్రోవి యెంత చమురు తీసికొనుచున్నదో యుండును. దానిని జదువు చేతిపరికరము పట్టణపు షెడ్డులలో నున్నది. ఆ పరికరము లేనివాడు ఆ బండి గొట్టముమీద పానా వేయకుండుట మేలని చెప్పితిని. బేరము పోవునని వాడు కొంత నొచ్చుకొన్నాడు గాని వాని వ్రేళ్లు పదియు నున్నవి.

ఇక గాయము మాట. వైద్యశాస్త్రములో దీనికి నొక చరిత్ర కలదు. 1937 లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో రీసు అను వైద్యుడు, డీజిలు ఇంజనునుండి యొత్తిడితో వెడలిన చమురు మనుష్యుని మాంసములోనికి జొచ్చుటను గూర్చి వ్రాసెను. అప్పటికి కామన్ రైలు పుట్టలేదు. పాతకాలపు గొట్టముల నాడే యిది జరిగినదని గుర్తింపుడు. పాతగొట్టమైనను సూదిమొనంత పగులు పడిన దానినుండి వెడలు ధార యట్టిదే. చర్మమును ఛేదించుటకు 7 కిలోల యొత్తిడియే చాలునని వైద్యులు చెప్పుదురు. ఏ డీజిలు గొట్టములోనైనను నుండునది దానికి ఎన్నో రెట్లు. ఎక్కడ కారుచున్నదో చూడవలెనని గొట్టము వెంట వ్రేలు రాచినవాడు, వ్రేలిమీద దోమ కుట్టినంత యెర్రచుక్క చూచుకొని నవ్వి యూరకుండును. మొదట నొప్పి యంతగ నుండదు. ఈ గాయపు మాయ యంతయు నచటనే యున్నది. లోపల చమురు నరములవెంట, స్నాయువుల తిత్తులవెంట నరచేతివరకు, నొక్కొక్కప్పుడు మోచేతివరకు బ్రాకియుండును. కొన్నిగంటలలో వ్రేలు ఉబ్బి, పాలిపోయి, చల్లబడి, నెత్తురు నడువక చచ్చిపోవును. చాలమందికి వ్రేలు తీసివేయవలసివచ్చినది.

దీనికి మందుబిళ్ళ చాలదు, కట్టు చాలదు. శస్త్రవైద్యుడు కోసి, లోపలి చమురును కడిగి తీయవలయును; అదియు గంటలలో జరుగవలయును, మరునాటికి గాదు. కాబట్టి యింటిలోని కుర్రవాడు చేయి చూపి, చిన్నపోటే తాతా, తెల్లవారిన తగ్గునని యన్నప్పుడు, నిర్ణయింపవలసినవారు పెద్దలు. పసుపు పెట్టరాదు, పిండరాదు, గట్టిగ గట్టరాదు, వేడినీట ముంచరాదు. చేతిని కదలనీయక కొంచె మెత్తిపట్టి, ఉంగరము, కడియము, గడియారము తీసివేసి, ఏమియు తినిపింపక, ఆ రాత్రియే పయనము గావలయును. 2005 నుండి మన రాష్ట్రమున 108 బండి యున్నది. విశాఖపట్నమున కింగు జార్జి ఆసుపత్రి 1923 నుండి యున్నది. అచట చీటీ వ్రాయువానితో చేతికి గాయమని మాత్రమే చెప్పిన మూలబెట్టి కూర్చుండబెట్టవచ్చును. ఇంజను గొట్టములోని డీజిలు ఒత్తిడితో లోపలికి చొచ్చినదని యా మాటలతోనే చెప్పవలయును.

గొట్టము మార్చు పద్ధతి యిక చెప్పెదను. మీలో పానా పట్టువారు తక్కువ యని యెరుగుదును. కాని బండి మీది, డబ్బు మీది, పనిచేయువాడు మీ యూరివాడు. ఎదుట నిలిచి చూచువానికి పద్ధతి తెలిసినచో చేయువానికి తొందర తగ్గును. బండిని సమతలమున నిలిపి చక్రములకు రాళ్లు పెట్టి, ఇంజను చల్లారనీయవలయును. వేడి పొగగొట్టముమీద డీజిలు పడిన మంట లేచును, పెట్రోలైన జెప్పనక్కరలేదు. చుట్టయు, బీడీయు దూరముననే. తాళము తీసి, బ్యాటరీ నెగటివు తీగ విడదీయవలయును. కామన్ రైలు బండియైన ఒత్తిడి దిగువరకు కంపెనీ పుస్తకము చెప్పినంతసేపు వేచియుండవలయును. పుస్తకము లేనిచో నరగంట యాగిన నష్టమేమియు లేదు. ఘాటుమధ్యమున వెనుకబండివాడు హారను కొట్టుచున్నప్పుడు నరగంట మిక్కిలి పొడుగుగ దోచును. అయినను నాగవలసినదే.

ఇంజను నడుచుచుండగా కారుచోటు వెదకవలసివచ్చిన వ్రేలితో గాక, పొడవైన కఱ్ఱకు గట్టిన యట్టముక్కతో వెదకవలయును. తడి యట్టమీద బడును. చేయి దూరముగ నుండును. కండ్ల కద్దములు తప్పవు. కామన్ రైలుదైన నీ పనియు మానుకొని, ఇంజను నాపిన పిదప తడిచిన చోటును జూచుటయే మంచిది.

నట్టు విప్పుటకు ముందు చుట్టునున్న దుమ్మును కుంచెతోను శుభ్రమైన డీజిలుతోను కడిగివేయవలయును. పంపులోని యెడమెంతయో ముందు చెప్పితిని. మన ఘాటుదుమ్ము దానిలో బడిన గొట్టముతో పోవలసినది పంపుతో బోవును. పంపువైపు నట్టు విప్పునప్పుడు రెండు పానాలు కావలయును: ఒకటి క్రింది భాగమును కదలకుండ పట్టుటకు, నొకటి నట్టును త్రిప్పుటకు. ఒక్క పానాతో త్రిప్పిన క్రిందిదియు దిరిగి పంపే కారనారంభించును. నట్టుమీద గుడ్డ కప్పి మెల్లగ వదులుచేయవలయును. విప్పిన నోళ్లన్నిటికి వెంటనే శుభ్రమైన మూతలు పెట్టవలయును. నూలు వేస్టుగుడ్డ క్రుక్కిన పోగులు లోపలకు బోవును.

క్రొత్త గొట్ట మా బండికి, ఆ సిలిండరునకు చేసినదే కావలయును. చేతితో వంచి, సుత్తితో గొట్టి యమర్చిన గొట్టము మొదటి రోజుననే కారకపోయినను, నెలలో నెర్రవిచ్చును. వెల్డింగు మాట తలపెట్టరాదు. రెండుకొనలను మొదట వ్రేళ్లతోనే బిగించి, గొట్టము తన చోట సులువుగ గూర్చున్నదో లేదో చూచి, పిదప పానా వేయవలయును. కొసలోని శంకువు సరిగ గూర్చున్నచో కొద్దిపాటి బిగింపు చాలును. కారుచున్నదని మరియు మరియు బిగించిన శంకువు నలిగి మరింత గారును. కామన్ రైలు గొట్టములను పెక్కు కంపెనీలు ఒక్కసారి విప్పిన తిరిగి వాడరాదనియే శాసించినవి. ఏలయన, శంకువు మొదటి బిగింపులోనే యెదుటి యంచు రూపమును దాల్చును; రెండవమారు అదే చోట గూర్చుండదు.

గొట్టములను బట్టియుంచు చిన్న క్లాంపులున్నవి. మన మెకానిక్కులు వాటిని విప్పి మరల బెట్టక యొక మూల బారవేయుట పరిపాటి. బండి నడుచును గాన యెవరికిని దెలియదు. క్లాంపు లేని గొట్టము ఇంజను దడకు వీణతీగవలె నెల్లప్పుడు నదరుచుండి యొకనాడు నట్టు మొదట తెగును. ఘాటెక్కునప్పుడు తెగిన గొట్టములలో క్లాంపు లోపించినవే యెక్కువయని నా శిష్యుడు చెప్పును. నేను చూచినవియు నంతే.

తరువాత గాలి తీయుట. ముందు హ్యాండుపంపుతో వడపోతవైపు బుడగలు తీరువరకు కొట్టవలయును. పాతపద్ధతి బండియైన గ్రోవివైపు నట్లను అరచుట్టు వదిలి, గుడ్డ కప్పి, చేయియు మొగమును దూరముగ నుంచి సెల్ఫు కొట్టించి, చమురు రాగానే సెల్ఫు ఆపించి బిగింపవలయును. కామన్ రైలుదైన నట్టు జోలికి బోరాదు. సెల్ఫు కొట్టినకొలది తనంతదానే గాలి పోవును. ఇంజను నందుకొన్న తరువాత నెక్కడనైన చెమ్మ గనబడిన, నడుచుచుండగ బిగింపరాదు. ఆపి, మరల నాగి, అప్పుడు బిగింపవలయును.

పెట్రోలు బండ్లలోను చిమ్మనగ్రోవులు వచ్చి చాలకాలమైనది. 1954 లో వెలువడిన మెర్సిడిసు 300 ఎస్సెల్ వానిలో ప్రసిద్ధము. మన దేశమున 2000 ప్రాంతమున కార్బురేటరు వెనుకబడి యివి ముందునకు వచ్చినవి. సామాన్యమైన పెట్రోలు బండిలో గొట్టపు టొత్తిడి మూడు కిలోల లోపుననో కొంచెము పైననో యుండును. అది చేతిని బొడువదు గాని కండ్లలో జిమ్మును, నిప్పంటుకొనును. పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట నాగువరకు నడిపిన నా యొత్తిడి దిగును. రబ్బరు గొట్టము మార్చునప్పుడు కార్బురేటరు బండికి వాడు చౌకగొట్టము వేయరాదు. ఒత్తిడికి తగినదని ముద్ర యున్నదే వేయవలయును.

తీసివేసిన పాతగొట్టమును షెడ్డు గోడకు వ్రేలాడదీయుట మన యలవాటు, ఎప్పుడైన నక్కరకు వచ్చునని. ఇంకొక బండి యాగినప్పుడు దానిని దించి తగిలించుటకు చేయి తహతహలాడును. జాగ్రత్తగల మెకానిక్కులు దానిని రంపముతో రెండు ముక్కలుగ గోసి పాతయినుములో వేయుదురు.